ఎక్కని గాజులు

తోడికోడలు ఇష్రత్‌కు ఏడో నెలలో తొడిగే ఆకుపచ్చ గాజులు ఏరుతున్నప్పుడు, పగుళ్ళు వచ్చినదొకటి కలిపేద్దామా అని మసరత్‌కు అనిపించింది. కలపలేదు. కానీ అనిపించింది, ఆ మాట దాచడమెందుకు. ప్రొద్దుటూరులో గాజుల అంగడి ఉన్న దూదేకుల ఇంటికి ఆమె పెద్దకోడలుగా వచ్చి పదకొండేళ్ళయింది. బోర్డు మీద పేరు మొగుడు హుమాయున్‌ది, పొద్దస్తమానం కూర్చుని తొడిగే చేతులు ఆమెవి. మణికట్టు చూస్తే చాలు, సైజు చెప్పేస్తుంది. ఇష్రత్‌ది రెండు నాలుగు. పదిహేను రోజుల కిందటే తానే తొడిగి చూసింది.

ఈరోజు మాత్రం తొడగకూడదట. "నువ్వు తొడగొద్దు మే, బిడ్డ పోయిన చేయి" అని అత్త షాహీదాబీ తెల్లవారుతూనే చెప్పేసింది. ఏరడానికి, కడగడానికి, పళ్ళెంలో పేర్చడానికి, ముప్పైమందికి అన్నం వండడానికి అదే చేయి పనికొచ్చింది.

ఇష్రత్, మసరత్ మరిది షాహిద్ భార్య. అతను కువైట్‌లో ఉన్నాడు. ఒంటరి పిల్ల, వట్టిమనిషి కాదు అంటూ అత్త ఆమెను మంచం దిగనివ్వదు. దానిమ్మ గింజలు గిన్నెలో పెట్టి ఇచ్చేది అత్త, ఒలిచేది మసరత్. ఒక్కో గింజా ఒలుస్తూ, నాకెవరు ఒలిచారు అని తనలో తాను అనుకునేది. రెండేళ్ళ కిందట తనకూ ఎనిమిదో నెల వచ్చింది. పెళ్ళిళ్ళ కాలం, అంగడి నిండా జనం. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టకపోతే మొగుడి చెప్పులు వేసుకుని నిలబడింది. తల పగిలిపోతోందంటే హుమాయున్ టీ తెప్పించాడు. అత్తయితే, కాళ్ళకు నీరు దిగితే బిడ్డకు బలం, మేం కనలేదా అంది. మూడో రోజు అంగట్లోనే ఫిట్స్ వచ్చి పడిపోయింది. కడపకు చేరేసరికి బిడ్డ లేదు. ఆడపిల్ల. బీపీ పెరిగిందని డాక్టరు చెప్పింది. మసరత్ రాత అని ఇంట్లోవాళ్ళు చెప్పారు. ఇష్రత్ చెడ్డదైనా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది. అక్కా అక్కా అంటూ వెంట తిరిగే పిల్ల. ఆ పిల్ల కడుపు మీద చేయి వేసుకుని నవ్వినప్పుడల్లా మసరత్‌కు కళ్ళలో నిప్పులు పోసినట్టుండేది. చూడకూడదనుకుంటూనే చూసేది. నడక చూసేది, ముఖం చూసేది, చేతులు చూసేది.

మధ్యాహ్నం గాజులు తొడగడానికి పులివెందుల నుంచి ఇష్రత్ తల్లి బిస్మిల్లా బీ వచ్చింది. మొదటి గాజే బొటనవేలి ఎముక దగ్గర ఆగిపోయింది. ఇంకొంచెం నెడితే పుటుక్కున విరిగి చర్మం గీసుకుంది. ఏడో నెల గాజు విరగడమంటే మాటలా.

"సైజు తెలీదా నీకు? కుళ్ళుబోతుతనంతో చిన్నవి తెచ్చినావు" అంది అత్త అందరిలో.

అక్కను ఏమీ అనొద్దని, పొద్దున్నుంచి తలనొప్పి, కళ్ళ ముందర మిణుగురులు తిరుగుతున్నాయని ఇష్రత్ గొణిగింది. ఒళ్ళు చేసింది కదా, అదేం లేదు అన్నారు ఎవరో. పోయి పెద్దవి తెమ్మని అత్త మసరత్‌ను తరిమింది.

అంగట్లో రెండు ఎనిమిది పెట్టె తీసింది మసరత్. ఇవి ఎక్కుతాయి. అందరూ నవ్వుతారు, బిర్యానీ తింటారు. పదిహేను రోజుల్లో రెండు సైజులు పెరిగే చేయి కొవ్వు పట్టినది కాదని ఆ ఇంట్లో తనొక్కదానికే తెలుసు. మిణుగురుల సంగతీ తెలుసు. చెబితే ఏమంటారో అంతకంటే బాగా తెలుసు. ఇంకో ఆలోచన కూడా వచ్చింది, అది చాలా మెల్లగా వచ్చింది: నాకు జరిగింది దానికీ జరిగితే, అప్పుడు ఇద్దరమూ సమానం. ఆ ఆలోచన దగ్గర ఆమె ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. ఏమిటంత సేపు అని హుమాయున్ కసిరాడు. పెట్టె మూసి, రోడ్డు మీదికి వచ్చి, ఆటోను ఆపింది.

ఇంటి ముందు ఆటో దిగి, గాజులు తేలేదని, ఇష్రత్‌ను ఇప్పుడే ఆసుపత్రికి తీసుకుపోవాలని చెప్పింది. శుభం జరిగే చోట అపశకునపు మాటలేమిటని అత్త అడ్డం నిలబడింది. కడుపుమంటతో చెడగొట్టడానికే వచ్చానని ఒప్పుకోమంది.

"ఔ అత్తా, కడుపుమంటే" అంది మసరత్. "అందుకే పొద్దుగూకులూ దాని చేతులే చూస్తాండా. ముద్దుగా చూసుకునేటోళ్ళు మీరంతా ఉండారు, ఒగరికీ కనపల్యా."

బిస్మిల్లా బీ కూతురి చేతిని తన ఒళ్ళోకి తీసుకుని వేలితో నొక్కింది. గుంట పడింది. ఆ గుంట పూడలేదు. ఆమె మారుమాట లేకుండా కూతుర్ని లేపింది.

నర్సింగ్ హోంలో బీపీ రెండుసార్లు చూశారు. నూట డెబ్బై దాటి ఉంది. వెంటనే చేర్చుకుని ఇంజెక్షను మొదలుపెట్టారు. సాయంత్రానికి డాక్టరమ్మ బయటికి వచ్చి, గండం పూర్తిగా గట్టెక్కలేదని, కాన్పు దాకా కళ్ళలో పెట్టుకుని చూడాలని, అయితే ఫిట్స్ రాకముందే తెచ్చారు గనుక తల్లీ బిడ్డా దక్కుతారన్న ఆశ ఉందని చెప్పింది. అద్దాల తలుపులోంచి మసరత్ తొంగి చూసింది. ఇష్రత్ నిద్రపోతోంది. పక్కన మిషనులో బిడ్డ గుండె చప్పుడు దడదడా వినిపిస్తోంది. మంచిపని చేశాను కదా, ఇప్పుడైనా కుళ్ళు చల్లారుతుందేమో అనుకుంది. చల్లారలేదు. ఆ చప్పుడు విన్నకొద్దీ ఇంకా మండింది.

షాహీదాబీ బెంచీ మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. కోడలిని చూసి జరిగి చోటిచ్చింది. ఇన్నేళ్ళలో అలా చోటివ్వడం అదే మొదలు.

"దేవుని దయ. సమయానికి తెచ్చినాం" అంది.

మసరత్ ఆమె పక్కన కూర్చుంది. రెండేళ్ళుగా ఎవరినీ అడగని మాట, తనకే తెలియకుండా, చాలా మామూలుగా నోట్లోంచి వచ్చింది.

"నన్నెందుకు తేలేదు అత్తా?"

షాహీదాబీ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. అంగడి మూసే వేళయింది, ఎప్పుడొస్తావని హుమాయున్ ఫోన్ చేశాడు. మసరత్ ఫోను కట్టేసి, అత్త ముఖం వైపు తిరిగి కూర్చుంది. జవాబు వినకుండా అక్కడినుంచి లేవదలుచుకోలేదు.