గళ్ళలో పట్టని శకారం

అక్క పోయి మూడు వారాలైంది. ఆవిడ కుట్టు దుకాణం మీది ఎర్ర దీపాల బోర్డు మాత్రం ఇంకా "కొత్త బట్టలు కుట్టబడును" అంటూనే ఉంది. అది చూసి వచ్చేవాళ్ళకి సంగతి చెప్పీ చెప్పీ బావ నోరెండిపోయింది. బోర్డుకి కరెంటు తీసేస్తే లోపలి లైట్లూ ఆరిపోతాయి. తిరిగివ్వాల్సిన బట్టలు ఇంకా లోపలే ఉన్నాయి.

"ఆ అక్షరాలు నువ్వే కదా చేసింది. కాస్త మార్చిపెట్టమ్మా," అని మరదలికి ఫోన్ చేశాడు.

పాత వీడియో గేముల్లోలా గళ్ళు గళ్ళుగా ఉండే అక్షరాలు గీయడం ఆమె వృత్తి. గేములవాళ్ళు, చొక్కాల మీద బొమ్మలు అచ్చువేసేవాళ్ళు కొనుక్కుంటారు. అక్క బోర్డుకి ఆ ఒక్క వాక్యానికి సరిపడా చేసిచ్చింది. అది చూసి అక్క పడీ పడీ నవ్వింది. "నేను గుండ్రటి మెడలు కుడుతుంటే, నీ అక్షరాలకి అన్నీ మూలలేనేంటే!"

ఆమె వచ్చి, బట్ట కత్తిరించే బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచింది.

"ఏం రాయమంటావు బావా?"

"దుకాణం మూసేశాం అను. చాలు."

మిగతా అక్షరాలు చకచకా వచ్చాయి. శకారమే మొండికేసింది. పదహారు గళ్ళ ఎత్తులో దాని మెలిక ఇమడదు. ఒక గడి నింపితే ముద్దవుతుంది, తీసేస్తే విరిగినట్టుంటుంది. నింపింది, తీసింది. అక్క కూర్చుని కుట్టే కుర్చీ పక్కనే ఉంది. దాన్ని చూసినా ఆమెకేమీ అనిపించలేదు. గడి నిండిందా లేదా, అంతే.

గంట తర్వాత అక్షరాలు బోర్డుకెక్కాయి. బావ బయట నిలబడి పైకి చూశాడు. బోర్డు మీద కదిలిపోతున్న వాక్యాన్ని మొదటిసారి చదివాడు. అది రెండోసారి తిరిగి వచ్చేసరికి మెట్ల మీద కూలబడి భోరున ఏడ్చాడు.

ఆమె పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. తనకీ ఏడుపొస్తుందేమోనని చూసింది. రాలేదు. శకారానికి పైన ఇంకో గడి పడితే బాగుండేదనిపించింది. ఆ తర్వాత, పొద్దుటినుంచీ ఏమీ తినలేదని గుర్తొచ్చింది.

"బావా, ఆకలేస్తోంది."

అతను కళ్ళు తుడుచుకుని, "లోపల రొట్టె ఉంది, పద," అన్నాడు.