పాలిష్ బావ బండికి పట్టిన వణుకు

"సగం గ్లాసే పొయ్యి" అని మా ఆయన అన్నప్పుడు నేను నమ్మలేదు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ మనిషికి టీ అంటే ప్రాణం. అంచుదాకా పోసినా ఇంకా ఉందేమోనని గిన్నెలోకి తొంగిచూసే రకం. అలాంటిది ఈమధ్య సగం గ్లాసు తీసుకుని, అదీ రెండు చేతులతో పట్టుకుని, నావైపు వీపు పెట్టి తాగుతున్నారు. అడిగితే చక్కెర తగ్గిస్తున్నానని చెప్పారు. నా దగ్గరా ఈ వేషాలు?

మాది మొక్కల నర్సరీ. పెంచడం నా పని. కుండీల్ని పికప్పు బండిలో ఎక్కించుకుని ఇళ్ళకీ ఆఫీసులకీ చేరవేయడం ఆయన పని. ఆ బండిని చంటిపిల్లాడికి స్నానం చేయించినట్టు రోజూ కడుగుతారు. ఏ సామాను చేతికి దొరికినా తుడవాలి, తుప్పు కనబడితే గీకాలి, గీకినచోట రంగు వెయ్యాలి. మెకానిక్ షెడ్డు నడిపే మా తమ్ముడు ఆయనకు పాలిష్ బావ అని పేరు పెట్టాడు. ఓచోట కదలకుండా కూర్చుంటే నాకూ ఓ కోటింగు వేసేస్తారేమోనని నా భయం.

వానలు తగ్గి, లోడుతో పెద్దరోడ్డు ఎక్కడం మొదలయ్యాక బండికి వణుకు పట్టింది. ఊళ్ళో బాగానే ఉంటుందట, కాస్త వేగం అందుకోగానే జుయ్యిమంటుందట. తమ్ముడు చక్రాలు విప్పి బ్యాలెన్సింగు చేశాడు. వెనక టైర్లు ముందుకు, ముందువి వెనక్కి మార్చాడు. ఇంజను కింద రబ్బరు దిమ్మలు కొత్తవి వేశాడు. పని అయిన ప్రతిసారీ ఖాళీ బండిని షెడ్డు వెనక సందులో ఓ చుట్టు తిప్పి "వెన్నలా పోతోంది" అంటాడు. సాయంత్రానికి మా ఆయన తిరిగొచ్చి "తగ్గలేదురా" అంటారు.

చివరికి వాడికి విసుగొచ్చింది. "బావా, బండికి ఏ రోగమూ లేదు. వణికేది నీ చేతులే. వయసు మీదపడింది, ఒప్పేసుకో!" అన్నాడు. షెడ్డులో అందరూ పగలబడి నవ్వారు, మా ఆయనా నవ్వారు. బావా బామ్మర్దుల మధ్య ఇంతకంటే ముతక మాటలే నడుస్తుంటాయి, ఎవరూ పట్టించుకోరు.

ఈయన పట్టించుకున్నారు. ఓ రోజు పొద్దున్నే లేచి చూద్దును కదా, కిటికీ దగ్గర నిలబడి, కుడిచెయ్యి చాపి, దాని మీద ఓ కాగితం పరుచుకుని, ఆ కాగితం అంచువంకే చూస్తున్నారు. అంచు అదురుతోంది. ఊపిరి బిగబట్టి అలా చెయ్యి చాపితే ఎవరికైనా అదురుతుంది!

"ఏం చేస్తున్నారు?"

ఉలిక్కిపడి కాగితం మడిచేశారు. "ఏం లేదు. సాయంత్రం ఒకాయన బండి చూసుకోడానికి వస్తున్నాడు. నచ్చితే ఇచ్చేద్దాం."

"ఇచ్చెయ్యడమేంటి?"

"మీ తమ్ముడు సరదాకి అన్నా ఉన్నమాటే అన్నాడు. స్టీరింగు పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి. వణికేది బండో నేనో నాకే తెలీడం లేదు. రేపు ఎవరినైనా గుద్దేస్తే? కుండీలు మొయ్యడానికి ఎవర్నైనా మాట్లాడుకుందాం. నేను మొక్కలకి నీళ్ళు పోస్తూ కూర్చుంటాలే."

నాకు ఏడుపొచ్చింది. ఆ వెనకే ఒళ్ళు మండిపోయింది. బండి పోతే పోయింది, బండిలేని ఈ మనిషిని రోజంతా నీళ్ళ డబ్బా పట్టుకుని తిరుగుతుంటే నేను చూడగలనా? ఏడుపు మింగేసి, కోపాన్ని తమ్ముడి కోసం అట్టేపెట్టుకుని, లోడుతో ఉన్న బండిలో ఆయన్ని కూర్చోబెట్టి షెడ్డుకి బయల్దేరదీశాను.

"ఒరేయ్ అప్రాచ్యుడా, బయటికి రా!"

వాడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏంటక్కా, పొద్దున్నే నా మీద పడ్డావు?"

"నీ నోటి పుణ్యమా అని సాయంత్రం బండి అమ్మేస్తారట! ఇంక తోలరట!"

వాడి మొహం పాలిపోయింది. "బావా, నేనేదో నోటికొచ్చింది వాగాను…"

"లేదురా, నిజమేనేమో" అన్నారు ఈయన నెమ్మదిగా.

"నిజమో కాదో ఇప్పుడే తేలుతుంది. నువ్వు ఎక్కు, నువ్వే తోలు. ఏవండీ, మీరు పక్కకి జరిగి చేతులు కట్టుకుని కూర్చోండి."

స్టీలు గ్లాసులో నీళ్ళు పోసుకుని ఇద్దరి మధ్యా ఇరుక్కున్నాను. పెద్దరోడ్డెక్కి వేగం అందుకున్నామో లేదో, సీటు కిందనుంచి జుయ్యిమంటూ మొదలైంది. నీళ్ళు చింది నా ఒళ్ళో పడ్డాయి. అద్దంలో వెనకొస్తున్న లారీ రెండుగా కనబడింది. తమ్ముడి చేతులు మోచేతులదాకా అదురుతున్నాయి.

"ఇప్పుడు వణికేవి ఎవరి చేతులురా? నీకూ వయసు మీదపడిందా?"

మా ఆయన ముందుకు వంగి వాడి చేతులవంకే చూస్తున్నారు. ఆ మొహం చూస్తే నాకు మళ్ళీ ఏడుపొచ్చింది, ఈసారి సంతోషంతో.

"ఉండక్కా" అని వాడు గేరు న్యూట్రల్ చేశాడు. ఇంజను చప్పుడు తగ్గినా వణుకు తగ్గలేదు. "ఇంజను కాదు. స్టీరింగు అటూ ఇటూ కొట్టుకోవడం లేదు, సీటు కింద అదురుతోంది. అంటే ముందు చక్రాలూ కాదు. వెనక చక్రాలు ఎలాగూ చూశాను. ఇక మిగిలింది షాఫ్టు. కానీ దాని జాయింటు వానల ముందు నేనే మార్చి బిగించాను కదా!"

"నువ్వు బిగించావు కాబట్టే చూడలేదు."

"నా పనికి నేనే వంక పెట్టుకుంటానా?" అన్నాడు, సిగ్గూ లేదు వాడికి.

షెడ్డుకి రాగానే బండి కిందికి దూరాడు. షాఫ్టంటే ఇంజను బలాన్ని వెనక చక్రాలకు మోసుకెళ్ళే పొడుగాటి ఇనప గొట్టం. రెండు ముక్కలు, ఒకదాన్లోకి ఒకటి దూరతాయి. కాసేపటికి కిందనుంచి గొంతు వినబడింది.

"బావా, దీనికి నల్లరంగు ఎవరేశారు?"

"నేనే" అన్నారు మా ఆయన గర్వంగా. "నువ్వు విప్పి పెట్టి భోజనానికి వెళ్ళావు చూడు, అప్పుడు. తుప్పు పడుతుందని."

"దాని మీద నేను తెల్లగా గీత పెట్టానే!"

"అది గీతా? మరకనుకున్నా. కిరసనాయిలు పోసి శుభ్రంగా తుడిచేశా."

తమ్ముడు బయటికి పాక్కుంటూ వచ్చి తల పట్టుకున్నాడు. "ఏ ముక్క ఎలా ఉందో అలాగే దూర్చాలని పెట్టిన గీత బావా అది! రెండు కొసల్లో ఉన్న ఇనప చెవులు ఒకే వరసలో ఉండాలి. అవిప్పుడు ఒకటి తూర్పు చూస్తే ఒకటి ఈశాన్యం చూస్తోంది. వేగం పెరిగితే వణక్కేం చేస్తుంది?"

"ఆగరా" అన్నాను. "గీత కనబడకపోతే నువ్వెలా బిగించావు?"

వాడు బుర్ర గోక్కున్నాడు. "ఎదురుగా నిగనిగలాడుతోంది, ఆకలి తీరి నిద్రమత్తుగా ఉంది… అంచనాగా దూర్చేశా."

ఒకరేమో తుడిచేవారు, ఒకడేమో అంచనావాడు! ఇద్దర్నీ కలిపి నాలుగు చీవాట్లు పెట్టాను. పాపం, ఇద్దరూ తలొంచుకుని విన్నారు. తర్వాత తమ్ముడు షాఫ్టు దించి, ముక్కల్ని విడదీసి, చెవులు వరసలోకి వచ్చేదాకా తిప్పి మళ్ళీ దూర్చాడు. మా ఆయన చెయ్యి గుడ్డ కోసం వెతుకుతుంటే నేను మణికట్టు పట్టుకున్నాను. వాడు ఈసారి గీత గియ్యలేదు. ఉలితో రెండు ముక్కల మీదా గాట్లు పెట్టి, "ఇప్పుడు తుడు, చూద్దాం!" అన్నాడు.

అదే లోడుతో పెద్దరోడ్డెక్కాం, ఈసారి స్టీరింగు మా ఆయన చేతిలో. ఏ వేగంలోనూ గ్లాసులో నీళ్ళు చిందలేదు. అద్దంలో లారీ ఒక్కటే ఉంది. ఆయన తిరగాల్సిన మలుపు దాటేసి చాలా దూరం పోనిచ్చారు. నేనూ గుర్తుచెయ్యలేదు.

సాయంత్రం ఆ కొనేవాడు వచ్చి బండి చుట్టూ తిరిగాడు. "అద్దంలా ఉంచారే! ఎందుకమ్ముతున్నారు?"

"ఎవరమ్ముతున్నారు?" అన్నారు మా ఆయన, బానెట్టు తుడుస్తూ. వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపలేక నేనే ఓ గులాబీ మొక్క ఇచ్చి సాగనంపాను.

తమ్ముడు తప్పు చేసినవాడిలా వాకిట్లో స్టూలు మీద కూర్చునే ఉన్నాడు. వంటింట్లో టీ వడగట్టి, ఈమధ్య అలవాటైన చొప్పున ఆయన గ్లాసులో సగమే పోశాను.

"అదేంటి, సగమే?"

"చక్కెర తగ్గిస్తున్నారుగా మరి?"

"నిండా పొయ్యి."

అంచుదాకా పోశాను. ఆయన దాన్ని ఒంటిచేత్తో తీసుకుని, వంటిల్లు దాటి, గడప దాటి, వాకిలంతా నడిచి తమ్ముడి చేతికిచ్చారు. ఒక్క చుక్క కింద పడలేదు. గ్లాసందుకున్న వాడి చెయ్యే కాస్త అదిరింది, కానీ ఈయన జోకేమీ వెయ్యలేదు.

"తాగరా" అని వాడి భుజం తట్టి, వెనక్కొచ్చి నా ముందు ఇంకో ఖాళీ గ్లాసు పెట్టారు. "ఇది నాకు."