కొట్టని తివాచీ

మునీరాకి ఇరవై ఆరేళ్ళు. ఎవరింటికి వెళ్ళినా గుమ్మం బయట చెప్పులు వదిలి, నేల మీద అరికాళ్ళు ఆనించి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ తర్వాతే "బాగున్నారా అండీ" అంటుంది.

తివాచీలు నేసే ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఇది మామూలు అలవాటే. ఏలూరు తంగెళ్ళమూడిలో మగ్గం ముందు ఆడవాళ్ళు వరసగా కూర్చుంటారు. ఒకామె గళ్ళ కాగితం మీద గీసిన నమూనా చూస్తూ రంగులు పలుకుతుంది. "ఎరుపు రెండు, నీలం ఒకటి, మళ్ళీ ఎరుపు." మిగతావాళ్ళు ఆ రంగు ఉన్ని తీసి ముడి వేసి, కత్తితో కొస తెంపుతారు. రంగుకీ రంగుకీ మధ్య నోరు ఊరుకోదు కదా. అత్తగారి సాధింపులు, పిల్లాడి జ్వరం, రాత్రి మొగుడన్న మాట, అన్నీ దొర్లుతాయి. దొర్లినవి దొర్లినట్టే ముడుల్లో పడిపోతాయి. తివాచీ మగ్గం దిగాక దాని మీద ఉత్తకాళ్ళతో నిలబడితే అరికాళ్ళలోంచి వినిపిస్తాయి.

కొనేవాళ్ళకి ఈ గోల అక్కర్లేదు. అందుకని అమ్మేముందు తివాచీని ఆరుబయట తాడు మీద వేసి, మగవాళ్ళు అటొకరు ఇటొకరు నిలబడి వెదురు కర్రలతో బాదుతారు. ఉన్ని నూగుతో పాటు మాటలూ రాలిపోయి, తమ్మిలేరు గాలికి ఎటో కొట్టుకుపోతాయి. ఆడవాళ్ళ మీద చెయ్యి చేసుకోవడం తప్పని ఆ వీధిలో అడిగితే అందరూ ఒప్పుకుంటారు. తివాచీని బాదడం మాత్రం వ్యాపారం.

మునీరా బి.కాం. చదివి మేనమామ నాగూర్ సాహెబు తివాచీల కంపెనీలో లెక్కలు రాసేది. తల్లి జైబున్ ఆ కంపెనీ షెడ్డులోనే నేసేది. పిల్లకి ఊహ తెలియకముందే పోయింది. పెంచింది మామూయే. ఆ సంగతి ఆయన మునీరాని ఎన్నడూ మర్చిపోనివ్వలేదు. గట్టిగా అరిచే మనిషి కాదు. ఎంత చేదు మాటకైనా చివర 'అమ్మా' చేర్చి చెప్పేవాడు. తివాచీ మీద చెప్పులతో నడిస్తే నేసిన చేతుల మీద నడిచినట్టేనని పనివాళ్ళకి బోధించేవాడు. తన ఆఫీసు గదిలో పరిచిన పాత తివాచీ మీద మాత్రం బూట్లతోనే తిరిగేవాడు.

"షుగరమ్మా. కాళ్ళు జాగ్రత్తగా చూసుకోవాలి" అనేవాడు.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం పేల్చేసిన మరుసటి ఏడు, మామూ కొడుకు రఫీ హైదరాబాదులో ఏదో సెమినారుకి వెళ్ళొచ్చాడు. మెడలో వేసుకొచ్చిన కార్డు వారం దాకా తియ్యలేదు.

"ఇప్పుడు ప్రతి కంపెనీకీ బ్లాగు ఉండాలి, తెలుగులో కూడా" అన్నాడు మునీరాతో. "చదివేవాణ్ణి కట్టిపడెయ్యాలి. అందులో వినపడే గొంతు అచ్చంగా మనదై ఉండాలి. అసలు రహస్యం అదే."

"ఎవరు రాస్తారు భాయ్?"

"నువ్వే. ఖాళీగానే ఉంటావుగా."

మునీరా చేతిలో బిల్లుల కట్ట ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది. "ఎవరి గొంతుతో రాయను?"

"నాన్న గొంతుతో. కింద పేరు కూడా నాన్నదే పెట్టు. కానీ సహజంగా ఉండాలి."

లెక్కల గదిలోని కంప్యూటరు మీద మునీరా బ్లాగు తెరిచింది. మొదటి టపా రఫీ చెప్పాడు, ఆమె కొట్టింది. 'తరతరాలుగా నాణ్యతకు మారుపేరైన మా సంస్థ, ఖాతాదారుల సంతృప్తే పరమావధిగా...' రెండోది 'నాగూర్ కలువ' గురించి. కంపెనీకి పేరు తెచ్చిన నమూనా అది. నీలం నేల మీద, సగం విచ్చిన కొల్లేటి కలువ. 'మా వ్యవస్థాపకుల సృజనకు నిలువెత్తు నిదర్శనం' అని రాయించాడు. నెలలు గడిచినా వచ్చిన వ్యాఖ్య ఒక్కటే. 'మీ బ్లాగు చాలా బాగుంది. తీరిక దొరికితే మా బ్లాగు కూడా చూడగలరు.' రఫీ దాన్ని ప్రింటు తీసి గోడకి అంటించాడు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర మునీరా ఆ టపాలు షెడ్డులో చదివి వినిపించింది. రంగులు పలికే, అందరికీ పిన్నిలాంటి బీబీ ఖాలా ముద్ద చేతిలో పట్టుకునే విన్నది.

"కొల్లేట్లో పట్టిన కొర్రమీను కాదమ్మా ఇది. చెరువులో మేతేసి పెంచిన చేప. నోట్లో పెట్టుకుంటే తవుడు వాసనేస్తోంది" అంది. "నాగూర్ ఎప్పుడైనా ఇలా మాట్లాడాడా? అచ్చం పెళ్ళి శుభలేఖలా ఉంది."

పక్కన తస్లీమ్ మూతి తుడుచుకుంది. "శుభలేఖలో పెళ్ళికూతురి పేరైనా ఉంటుంది ఖాలా."

ఆ ఏడు వానలు వదల్లేదు. ఆరుబయట కర్ర ఎత్తడానికి లేకపోయింది. నేసిన తివాచీలు నేసినట్టే తెచ్చి లెక్కల గదిలో పరిచి పేర్చారు. కాళ్ళు పెట్టుకోవడానికి వేరే చోటు లేక మునీరా వాటి మీదే అరికాళ్ళు ఆనించి కంప్యూటరు ముందు కూర్చుంది. రఫీ ఇచ్చిన అంశం 'మా పనివారి అంకితభావం'. మొదటి వాక్యం దగ్గరే చెయ్యి ఆగిపోయింది. కింద నుంచి బీబీ ఖాలా గొంతు వస్తోంది, మధ్యలో తస్లీమ్ గొంతు. కాళ్ళు విన్నదాన్ని మునీరా వేళ్ళు కొట్టుకుంటూ పోయాయి.

'ఎరుపు రెండు. ఆ చెంబు అక్కడ పెట్టవే తస్లీమ్, నీళ్ళు తాగితే మళ్ళీ ఎక్కడికెళ్తావు? నీలం ఒకటి. మగాళ్ళకేం, ఏ గోడైనా వాళ్ళదే. తెలుపు ఒకటి. పొద్దున గుక్కెడు తాగాను ఖాలా, ఇప్పుడు కడుపు కోసేస్తోంది. ఓర్చుకో. సాయంత్రం దాకా ఓర్చుకో. ఎరుపు రెండు. డాక్టరమ్మ నీళ్ళు బాగా తాగమంది నన్ను. ఆ డాక్టరమ్మని ఇక్కడికొచ్చి ఓ పూట ముడులెయ్యమను. నీలం, నీలం.'

షెడ్డులో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు. ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. మునీరా ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తియ్యలేదు. పైన 'రంగులు పలికేటప్పుడు: కొట్టని తివాచీ మీద విన్నది' అని పెట్టి, కింద అలవాటు కొద్దీ 'నాగూర్' అని కొట్టబోయి ఆగింది. 'మునీరా' అని కొట్టింది.

తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట పోగేసి చూపించే సైటులో ఆ టపా పైకెక్కి కూర్చుంది. 'ఇది సాహిత్యమా, ప్రకటనా?' అని ఒకాయన నిలదీశాడు. 'ఇలాంటివి బహిరంగంగా రాయడం మన స్త్రీలకు శోభించదు' అని ఇంకొకాయన, పేరు దాచుకుని రాశాడు. 'మా స్కూల్లో మేమూ అంతే. మధ్యాహ్నం దాకా మంచినీళ్ళ సీసా మూత తియ్యం' అని ఓ టీచరు రాసింది. ఆమె కింద ఇంకొకామె, ఆమె కింద మరొకామె. ఏలూరు తివాచీ అనేది ఒకటుందని ఆ వారమే తెలిసినవాళ్ళు బోలెడు మంది.

ఓ పొద్దున ఫోను మోగింది.

"ఏవండీ, తాడేపల్లిగూడెం నుంచి ఇందుజనండి. లాడ్జీ కొత్తగా పెడుతున్నానండి. ముందు గదిలోకి తివాచీ కావాలి. కొట్టకుండా పంపుతారా?"

"కొట్టకపోతే మాటలు వినిపిస్తాయండి" అంది మునీరా.

"అందుకేగా అండీ అడుగుతుంట. మా దగ్గరికి వచ్చేపోయే మగాళ్ళు కాస్త చెప్పులిప్పి వింటారని."

మునీరా రాస్తూనే ఉంది. పేర్చిన తివాచీల్లోంచి రోజుకొకటి తీసి, దాని మీద కాళ్ళు పెట్టుకుని రాసేది. కొట్టనివి కావాలంటూ ఆర్డర్లు వస్తున్నాయి. రఫీ బ్లాగుకి ఎంతమంది వచ్చారో మాత్రమే చూసుకుని, "సెమినారులో చెప్పింది ఇదే, చూశావా?" అని ఛాతీ విరుచుకున్నాడు. లోపల ఏముందో చదవలేదు. ఆడపిల్ల రాసింది చదవకుండానే మెచ్చుకోవచ్చని అతని నమ్మకం.

చివరికి చదివింది వేరేవాళ్ళు. పెదపాడులో ఓ పెళ్ళిలో, బిర్యానీ వడ్డిస్తుండగా ఎవరో పెద్దమనిషి మామూని పలకరించాడు. "ఏం సాహెబుగారూ, మీ షెడ్డులో ఆడవాళ్ళు పొద్దంతా నీళ్ళు తాగరటగా? మా కోడలు చదివి చెప్పింది."

మామూ తినకుండా లేచి వచ్చేశాడు. మర్నాడు మునీరాని తన ఆఫీసు గదికి పిలిపించాడు. రఫీ గోడకానుకుని నిలబడి ఉన్నాడు.

"కూర్చోమ్మా" అన్నాడు మామూ. "బాగా రాస్తున్నావటగా. సంతోషం. ఇప్పుడింకోటి రాయాలి. ఇదివరకు రాసిందంతా సరదాకి అల్లిన కథ అని. నా పేరుతో, నా గొంతుతో. వానలు తగ్గాయి కాబట్టి సరుకంతా ఒకటికి రెండుసార్లు బాదించేస్తాను."

"మరుగుదొడ్డి కట్టిస్తే సరిపోతుంది కదా మామూ. కథ అని రాయక్కర్లేదు."

"అది నిదానంగా చూద్దాం. ముందు పరువు."

"అసలు గొంతు పాజిటివ్‌గా ఉండాలి మునీరా" అన్నాడు రఫీ.

"అచ్చంగా మనదై ఉండాలన్నావుగా భాయ్."

"మనదంటే కంపెనీది."

మామూ చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపాడు. "నేను బతిమాలనమ్మా. రాస్తే బ్లాగు నీ చేతిలోనే ఉంటుంది, నీ కుర్చీ నీదే. రాయకపోతే రేపటినుంచి షెడ్డుకి రావద్దు. నిన్ను పెంచిన చెయ్యి అడుగుతోంది. ఇక్కడే, నా కళ్ళ ముందే రాయి."

రఫీ లాప్‌టాప్ మామూ టేకు బల్ల మీద ఉంది. ఆ బల్లని కదపాలంటే నలుగురు మనుషులు చాలరు. ఏటా పండగ వస్తోందని ఆ గదిలో తివాచీని దులిపేటప్పుడు కూడా చుట్టూ ఉన్నంత మేరా మడిచి బాదేవాళ్ళే తప్ప, బల్ల కింది భాగం జోలికి ఎవరూ పోలేదు. మామూ తన కుర్చీలోంచి లేచాడు. కంగారులోనో, మేనకోడలి మీద అంత నమ్మకంతోనో, ఆ కుర్చీ ఆమెకిచ్చాడు.

మునీరా చెప్పులు గుమ్మం బయట ఉన్నాయి. కూర్చుని, కాళ్ళు బల్ల కిందకి చాపింది.

"రాయి" అన్నాడు మామూ. "ప్రియమైన ఖాతాదారులకు."

మునీరా కొట్టింది. కింద నుంచి ఎవరో ఆడమనిషి పలికింది. 'నీలం ఒకటి.'

ఎప్పుడూ వినని గొంతు. కొంచెం బొంగురు, మునీరాకి జలుబు చేసినప్పుడు ఉన్నట్టు.

"గత కొన్నాళ్ళుగా మా బ్లాగులో వచ్చిన రాతలు కేవలం కల్పితాలని..."

'తెలుపు రెండు. ఈ కలువ నేను కొల్లేట్లో పడవ మీంచి చూసి గీశాను. అన్న తన పేరు పెట్టుకున్నాడు. ఇదేంటన్నా అంటే, జైబున్ కలువ అంటే ఎవడు కొంటాడే అన్నాడు. నీలం ఒకటి. లోపల పిల్ల తంతోంది. తన్నవే, గట్టిగా తన్ను. మెత్తగా ఉన్నదాన్నే తొక్కుతారు ఇక్కడ. తెలుపు, తెలుపు.'

మునీరా వేళ్ళు ఆగిపోయాయి. తల వంచి చూసింది. బల్ల అవతల మామూ బూట్లు. నల్లవి, తళతళలాడుతున్నాయి, లేసులు బిగించి కట్టి ఉన్నాయి.

"ఏమ్మా, ఆగావేం?"

"మామూ, మీ కాళ్ళకి షుగర్ ఎప్పటినుంచండీ?"

మామూ ఆమె కాళ్ళు ఎక్కడున్నాయో అప్పుడు చూశాడు. కుర్చీ ఎందుకిచ్చానా అన్నట్టు బల్ల అంచు పట్టుకున్నాడు.

"లే అక్కణ్ణుంచి" అన్నాడు. చివర 'అమ్మా' లేదు.

మునీరా లేవలేదు. కొట్టినంత మేరా చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఆమెకి ఎవరూ చెప్పలేదు, రఫీ సెమినారు అసలే గుర్తు రాలేదు. కింద నుంచి వచ్చినదాన్ని వచ్చినట్టు దింపి, ఆ కింద తన మాట కలిపింది. బ్లాగులో పెట్టే మీట నొక్కేశాక, "రాయమన్నారుగా, వినండి" అని పైకి చదివింది.

"'నాగూర్ కలువ మా అమ్మ గీసింది. ఆమె పేరు జైబున్. మా మామూకి ఆ సంగతి తెలుసు, అందుకే ఆయన ఈ గదిలో బూట్లు విప్పడు. షెడ్డులో ఆడవాళ్ళకి ఇవాళ్టికీ మరుగుదొడ్డి లేదు. ఇందులో కల్పితం ఏదీ లేదు. ఇట్లు, జైబున్ కూతురు మునీరా.'"

"తీసెయ్" అన్నాడు మామూ.

"తియ్యను."

"పాస్‌వర్డు చెప్పు" అన్నాడు రఫీ. ఇన్నాళ్ళూ అతనెప్పుడూ అడగలేదు. కూర్చుని కొట్టడం ఆడవాళ్ళ పనే కదా అనుకున్నాడు.

"నీకెందుకు భాయ్? నువ్వు నీ గొంతుతో వేరేది పెట్టుకో" అంది మునీరా.

గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటుంటే షెడ్డులోంచి బీబీ ఖాలా రంగులు పలకడం వినిపిస్తోంది. అంతలో ఆగింది. ఆఫీసు గది తలుపు తీసే ఉంది, వినాల్సినవాళ్ళందరూ విన్నారు.

"ఏమే తస్లీమ్, ఆ చెంబు ఇలా అందుకో" అంది బీబీ ఖాలా. అందుకుని, అందరూ చూస్తుండగా, గటగటా తాగేసింది. తస్లీమ్ తాగింది. చెంబు వరస చివరిదాకా వెళ్ళింది. తర్వాత అందరూ కలిసి లేచి, కొంగులు సర్దుకుని, పక్కనే ఉన్న నాగూర్ సాహెబు ఇంటి లోపలికే నడిచారు. అక్కడ తెల్ల టైల్సు వేసింది ఒకటి ఉంది.

మర్నాటినుంచి మునీరాకి షెడ్డులో పని లేదు.

తర్వాతి ఏడు ఆమె అదే వీధి చివర రేకుల షెడ్డు అద్దెకి తీసుకుంది. ఇందుజ లాడ్జీకి వెళ్ళిన తివాచీ అక్కడ నేసిందే, దాని వెనక 'జైబున్ కలువ' అని ముద్ర ఉంటుంది. ఆ షెడ్డులోకి మగ్గం దింపకముందు మునీరా మరుగుదొడ్డి కట్టించింది.