తేలిన పైన్ గింజలు

"తేలినయ్యన్నీ తాలేనే, పారబోసీ" అంది నరసమ్మ, కోడలు ఝాన్సీ నానబెట్టిన గిన్నెలోకి తొంగిచూసి. మినప్పప్పు గిన్నె కాదది, పక్కది. చింతపల్లి కొండల మీంచి నర్సరీకి వచ్చిన పైన్ గింజలు. మునిగినవి ఏ నాలుగో. మిగతావన్నీ నీళ్ళ మీదే. పైన్ గింజలు మరి, పైన కాక ఎక్కడుంటాయి అనుకుంది ఝాన్సీ. నవ్వు రాలేదు. ఇవి మొలవకపోతే నర్సరీలో ఆమె పని పోతుంది.

మొగుడు శివాజీ, పెళ్ళాం ఝాన్సీ. పేర్లు వింటే ఇంటినిండా కత్తులే అనుకుంటారు. ఉన్నది ఒక్క కత్తిపీట, అదీ ఝాన్సీకే. దాని ముందు కూర్చుని ఆనపకాయ తరగసాగింది. "నువ్వే సెమ్మలో ఎట్టీసుంటావు ఝాన్సమ్మా" అన్నాడు నిన్న నర్సరీ యజమాని పరదేశి, ముందు నాటిన గింజలు మొలవలేదని. ఇంట్లోనూ ఏళ్ళ తరబడి అదే మాట, గింజ వేరు, అంతే. "ఎండలో తిరిగితే కడుపేటి నిలుస్తాదిరా? పని మానీమను" అని అత్త. "పోనీ మానీ" అని శివాజీ, ఫోన్లోంచి తలెత్తకుండా. ఆలు, తాలు అని ప్రాస కుదిరింది కాబట్టి నిజమే అనుకున్నారు కాబోలు. సూదులూ స్కానింగులూ అన్నీ ఆమెకే. ఆయన్నీ తీసుకురమ్మని డాక్టరమ్మ అంటే, "నాకేటి, గుండ్రాయిలా ఉన్నాను" అన్నాడు. గుండ్రాయి మొలకెత్తదన్న సంగతి ఆ తల్లీకొడుకులకి తట్టలేదు.

తేలిన గింజ ఒకదాన్ని కత్తిపీట మీద చీరింది. పైకి నున్నటి నిండు పెంకు, లోపల ఖాళీ. నర్సరీ శిక్షణలో విన్నది గుర్తొచ్చింది. పైన్ కాయ ముదరడానికి దాదాపు రెండేళ్ళు పడుతుంది. రెండేళ్ళ కిందట మాఘంలోనే ఎండలు మండిపోయాయి. ఆ వేడికి పుప్పొడి ముందే రాలిపోయింది, పిందెలు విచ్చుకునేసరికి గాలిలో సారమే లేదు. అప్పటి సెగ ఇప్పటి గింజలో బయటపడింది. కాయని చీరేవాళ్ళే అందరూ, పుప్పొడిని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ మాట తనకే గుచ్చుకుని ఆమె చెయ్యి ఆగిపోయింది.

లేచి పరదేశికి ఫోన్ చేసింది. "సెమ్మ కాదండి. సెట్టు మీదే గింజ పట్టలేదు. సీరి తెస్తన్నాను, సూసి అప్పుడు అనండి."

తర్వాత ఇంకో నంబరు. ఆ మాటలు అయ్యాక చీరిన గింజని నర్సరీ సంచిలో వేసుకుంది.

"సోమారం అమ్మతో డాక్టరమ్మ కాడికెల్లు. ఇంక నర్సరీ వద్దు" అన్నాడు శివాజీ, టిఫిన్‌కి కూర్చుంటూ.

"పేరు రాయించేనండి."

"మంచిది."

"మీ పేరు."

నరసమ్మ చేతిలో గరిటె ఆగింది. శివాజీ ఫోన్లోంచి తలెత్తాడు. "నాకేటే, గుండ్రాయిలా ఉంటేను."

"అదే తేలాలండి" అంది ఝాన్సీ, నర్సరీ సంచి భుజాన వేసుకుంటూ.