గిన్నె పూడ్చిన నెల

రేవులో ఆమెను అందరూ లోతులక్క అని పిలిచేవారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది గానీ, దానితో ఎవరికీ పని పడలేదు. ఇరవై రెండేళ్లుగా ఆమె చేసే పని ఒక్కటే. చిన్న లాంచీలో తిరుగుతూ ఒడ్డు వెంబడి నీళ్లు ఎక్కడ ఎంత లోతున్నాయో కొలవడం, కొలిచింది పటం మీదికి ఎక్కించడం. ఆ పటాన్ని నమ్ముకునే ఓడలు వచ్చేవి. ఇన్నేళ్లలో ఒక్క ఓడ కూడా అడుగు నేలకు తగిలించుకోలేదు. ఎవరైనా మెచ్చుకుంటే, "నీళ్లు చెప్పింది రాశాను, అంతేగా" అని తీసిపారేసేది.

రేవుకు ఉత్తరాన, నడిచి వెళ్లేంత దూరంలో, ఒక చోటుంది. మూడు పక్కలా కొండరాయి, నాలుగో పక్క సముద్రంలోకి సన్నటి నోరు. జాలర్లు దాన్ని గిన్నె అనేవారు. ఆ నోటి దగ్గర నీళ్ల కింద ఒక రాతి గట్టు అడ్డంగా ఉంది. బయట అలలు మేడంత ఎత్తున లేచినా ఆ గట్టు మీద విరిగి ముక్కలయ్యేవి, లోపలికి నురగ మాత్రం వచ్చేది. ఏ గాలి వీచినా గిన్నెలో నీళ్లు ఊగేవే తప్ప ఎగిసేవి కావు. పెద్ద సొరచేపలు గట్టు దాకా వచ్చి తిరిగిపోయేవి.

సీళ్లనే సముద్రపు జంతువులు ఆ చోటు ఎప్పుడు కనిపెట్టాయో ఎవరికీ తెలీదు. చలికాలం మొదట్లో తల్లులు వరసగా వచ్చేవి. గుండ్రటి తలలు, పొడుగు మీసాలు, తెడ్ల లాంటి చేతులు. లోపలి ఇసుక మీద పిల్లల్ని కని, వాటిని అక్కడే ఉంచి మేతకు బయటికి పోయి, పోటు మీద మళ్లీ వచ్చి పాలిచ్చేవి. పిల్లకు ఈత గట్టిపడడానికి నాలుగు వారాలు పట్టేది. అందాకా దాన్ని కాపాడేది ఆ గిన్నె ఒక్కటే. సముద్రంలో పుట్టిన దానికి కూడా తల దాచుకునే చోటు కావాలని లోతులక్కకు అక్కడే తెలిసింది.

వాటిలో ఒకదానికి మెడ చుట్టూ పాత వలతాడు కోసిన మచ్చ ఉండేది. కంటె పెట్టుకున్నట్టు కనిపించేది కనక లోతులక్క దాన్ని కంటెమ్మ అనేది. పదకొండేళ్లుగా కంటెమ్మ తప్పకుండా వస్తోంది. లాంచీ చప్పుడు వినబడితే తల పైకెత్తి, ఓసారి చూసి, తెలిసినవాళ్లేలే అన్నట్టు మళ్లీ పడుకునేది.

ఒకరోజు పొద్దున పటాల గదికి పెద్ద ఇంజనీరు వచ్చాడు. బల్ల మీద ఆమె గీసిన పటమే పరిచి ఉంది.

"అమ్మా, మీకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి. మీరే లేకపోతే మాకు ఈ చోటు వెతకడానికి ఏడాది పట్టేది" అన్నాడు.

"ఏ చోటండీ?"

ఆయన గిన్నె మీద వేలు పెట్టాడు. "లోతు తక్కువ, అలల దెబ్బ లేదు, చుట్టూ రాయి. నోరు మూసేసి, మట్టి పోసేస్తే చాలు. పెట్టెలు దింపే యార్డు తయారు. 'అన్ని గాలులకూ ప్రశాంతం' అని మీరే రాశారుగా ఇక్కడ, చక్కగా."

లోతులక్క పటం మీదికి వంగి చూసింది. ఆ మూడు మాటలూ తన దస్తూరీలోనే ఉన్నాయి. వాటిని రాసిన రోజు కూడా గుర్తుంది. తుఫాను తగ్గిన మర్నాడు లోపలికి వెళ్తే, ముప్పై దాకా సీళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని నిద్రపోతున్నాయి. అంత సంతోషంగా ఆమె ఏ పటం మీదా ఏదీ రాయలేదు.

"అక్కడ సీళ్లు కంటాయండీ" అంది.

"సముద్రం ఇంతుందమ్మా. ఇంకెక్కడికైనా పోతాయి" అన్నాడు ఇంజనీరు, పటం చుట్టేస్తూ.

ఆమె అర్జీ రాసి అనుమతులిచ్చే ఆఫీసుకు పట్టుకెళ్లింది. అక్కడి ఆఫీసరు రెండుసార్లు చదివి నవ్వాడు. "అంటే మీ సీళ్లకు నా సీలు కావాలన్నమాట" అన్నాడు. తన హాస్యానికి తనే మురిసి పక్క గుమాస్తాకు మళ్లీ చెప్పాడు. ఆమె నవ్వకపోయేసరికి కాస్త సర్దుకుని, "చూడండి, వాళ్లు వేరే చోటికి పోలేరని మీరెలా చెప్తారు?" అన్నాడు. సీళ్లను వాళ్లు అన్నందుకైనా ఆమెకు కొంచెం ఆశ కలిగింది.

"ఈ ఒడ్డు మొత్తం నేను కొలిచానండీ. అటు నలభై మైళ్లు, ఇటు ముప్పై. ఇలాంటిది ఇంకోటి లేదు. మిగతాదంతా బోడి ఒడ్డు, అల నేరుగా కొడుతుంది."

"సరే, మనిషిని పంపి చూపిస్తాను."

పంపించాడు కూడా. కాకపోతే ఎండాకాలంలో పంపించాడు. అప్పుడు సీళ్లన్నీ దూరాన మేతలో ఉంటాయి. వచ్చిన ఇద్దరూ రెండు రోజులు కొండరాయి మీద కూర్చుని, మూడు సీళ్లను చూసి, 'అప్పుడప్పుడు వచ్చిపోయే జంతువులు' అని రాసి చేతులు దులుపుకున్నారు. చలికాలంలో రమ్మని లోతులక్క రాసిన నాలుగు ఉత్తరాలకూ జవాబు లేదు.

పని చలికాలంలోనే మొదలైంది. గిన్నె నోట్లో రాళ్లు వేసే క్రేను నడపడానికి తీసుకున్నది ఎవర్నో కాదు, ఆమె సొంత తమ్ముణ్ణే. వాడికి పని లేక అప్పటికి పదినెలలు. అంతా ఉండేది ఒకే వాటాలో, ముందు గది వాడిదీ మరదలిదీ, వెనక గది ఆమెది.

"నేను వెయ్యకపోతే ఇంకొకడు వేస్తాడు అక్కా" అన్నాడు, చెప్పులు విప్పుతూ. ఆమె మొహం చూడలేదు.

"వెయ్యొద్దని నేనన్నానా? పిల్లలు పుట్టి అయిదు రోజులే అయింది. పదకొండున్నాయి. ఇంకో మూడు వారాలు ఆగమను."

"ఆగమంటే ఆగడానికి అది నా మాట వినే కంపెనీయా? అడిగాను. నీకు పిచ్చి పట్టిందా అన్నాడు మేస్త్రీ."

మర్నాడు క్రేను పాడైంది. నూనె గొట్టం పగిలిందని తమ్ముడు మేస్త్రీకి చెప్పాడు. గొట్టం తెప్పించి బిగించాక ఇంకోచోట కారింది. ఆ తర్వాత తాడు చుట్టే డ్రమ్ము పట్టేసింది. రోజూ సాయంత్రం మోచేతుల దాకా నల్లటి నూనెతో ఇంటికొచ్చి, "ఏంటో అక్కా, దాని జాతకం బాలేదు" అనేవాడు. ఆమె వేణ్నీళ్లు పెట్టేది. ఇద్దరికీ తెలుసు. మరదలికీ తెలుసు. ఆ తొమ్మిది రోజులూ ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

పదోనాడు కంపెనీ వేరే ఊరినుంచి మెకానిక్కును దింపింది. వాడు గంటలో సంగతి పసిగట్టాడు. మధ్యాహ్నానికల్లా తమ్ముడు గేటు బయట ఉన్నాడు, వాడి సీట్లో ఇంకొకడున్నాడు. ఆ రోజూ మర్నాడూ రాళ్లు పడ్డాయి. మూడో పొద్దుకల్లా గిన్నె నోరు మూసుకుపోయింది. తల్లులు మేతకు వెళ్లి ఉన్నాయి. పిల్లలు లోపల ఉన్నాయి.

అక్కాతమ్ముళ్లిద్దరూ ఒక పాత టార్పాలిన్ పట్టుకుని కొత్త గోడ ఎక్కారు. కాపలావాడు అడ్డం రాబోయి, లోపల్నుంచి వచ్చే అరుపులు విని పక్కకు తప్పుకున్నాడు. చంటిపిల్లల ఏడుపులా ఉంది అది. ఒక్కో పిల్లా తడి బస్తా అంత బరువు. పైగా కొరికేది. తమ్ముడి బొటనవేలు చీరుకుపోయింది.

"నీ మేలుకేనే తల్లీ, కొరక్కు" అని బతిమాలుకుంటూనే మోశాడు.

సాయంత్రానికల్లా పదకొండింటినీ గోడకవతల, బయటి ఇసుక మీద దించారు. నీళ్లలో తలలు లేచాయి. తల్లులు భయంభయంగా ఒడ్డెక్కి, వాసన చూసుకుంటూ వచ్చాయి. అయిదు పిల్లలకు తల్లులు దొరికాయి. కంటెమ్మ తన పిల్లను మూతితో తోసుకుంటూ కాస్త పైకి, ఎండిన నాచు దాకా తీసుకెళ్లింది. మిగతా ఆరూ అరుస్తూనే ఉన్నాయి.

"అయిదైనా బతుకుతాయి కదక్కా" అన్నాడు తమ్ముడు, వేలికి గుడ్డ చుట్టుకుంటూ.

లోతులక్క ఆకాశం వైపు చూసింది. పడమటి గాలి మొదలవుతోంది. ఆ ఇసుక ముందు గట్టు లేదు, రాయి లేదు. లోతు నేరుగా ఒడ్డు దాకా వస్తుంది. తనే కొలిచింది.

ఆ గాలి రెండు రోజులు వీచింది. లాంచీ తియ్యనివ్వలేదు, ఒడ్డు దారి కూడా మూసేశారు. మూడోనాడు ఇద్దరూ వెళ్లేసరికి ఇసుక నున్నగా, ఎవరో ఊడ్చినట్టుంది. నాలుగు పిల్లలు గోడ రాళ్ల మధ్య ఇరుక్కుని చచ్చిపడి ఉన్నాయి. మిగతావి అసలు లేవు. తమ్ముడు రాళ్లలోకి దిగి ఒక్కోదాన్నీ బయటికి తీశాడు. ఏం చెయ్యాలో తెలియక వరసగా పడుకోబెట్టి, వాటి పక్కనే కూలబడ్డాడు.

కంటెమ్మ మాత్రం గోడ ముందు నీళ్లలో ఉంది. ఇదివరకు నోరున్న చోటికి వచ్చి, మునిగి, రాయికి ముక్కు ఆనించి, పైకి తేలి, మళ్లీ ఆ కొసనుంచి ఈ కొసకు ఈదేది. పోటు వచ్చిన ప్రతిసారీ అదే. రేవు వాళ్లు పని ఆపి చూశారు రెండు రోజులు. తర్వాత అలవాటు పడ్డారు.

లోతులక్కకు కొత్త పని చెప్పారు, గోడ ముందు లోతు కొలవమని. కొలిచింది. లాంచీ చప్పుడుకు కంటెమ్మ తలెత్తి చూసేది. ఈమె తల తిప్పుకునేది. పనిముట్టు చూపించిన అంకె వేసుకుని ముందుకు సాగేది.

మూడు వారాల తర్వాత కంటెమ్మ కనబడడం మానేసింది.

తమ్ముడికి ఎవరూ పనివ్వలేదు. మిషను చెడగొట్టినవాడని పేరు పాకిపోయింది. మరదలితో కలిసి వేరే ఊరు వెళ్లడానికి సామాను కట్టుకున్నాడు. బయల్దేరేముందు వెనక గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, అది... ఎక్కడో మంచి చోటు చూసుకుని ఉంటుంది కదూ?"

అటు నలభై మైళ్లు, ఇటు ముప్పై. అంగుళం అంగుళం కొలిచిన మనిషి ఆమె. వాడి బొటనవేలి కట్టు ఇంకా విప్పలేదు.

"చూసుకునే ఉంటుందిరా" అంది. "నువ్వు బయల్దేరు, బస్సు పోతుంది."