భ్రమరాంబగారి పదివేల పాయింట్లు

నేను ఒక కార్డుని. ఏటీఎంలో పెడితే డబ్బు రాదు, రేషన్ షాపులో చూపిస్తే బియ్యం ఇవ్వరు, ఓటెయ్యడానికీ పనికిరాను. శంఖతీరం అనే హోటళ్ళ వాళ్ళు తమ దగ్గర మళ్ళీ మళ్ళీ దిగేవాళ్ళకి ఇచ్చే సభ్యత్వ కార్డుని. ఒంటికి నీలం రంగు, మూలన తెల్ల శంఖం, పొట్ట మీద ‘టి. భ్రమరాంబ’ అని ఉబ్బెత్తు అక్షరాలు. వాళ్ళ గదికి డబ్బు కట్టి పడుకుంటే, పడుకున్నందుకు పాయింట్లు ఇస్తారు. నిద్రపోయినందుకు మార్కులు వేసే పద్ధతి మనుషులకి తప్ప ఇంకే జీవికీ తట్టదు.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. హైదరాబాదు శివార్లలో ఒక ఫ్యాక్టరీలో పెద్ద ప్లాస్టిక్ రేకుని వేడి చేసి, వొత్తి, రంగేసి, చకచకా కోసేస్తే గంటలో రెండువేలమందిమి పుట్టేశాం. మాలో చాలామంది కంపెనీ మేనేజర్ల పర్సుల్లోకి వెళ్ళారు. వారానికి మూడు ఊళ్ళు తిరిగే ఆ మహానుభావుల జేబుల్లో నా తోబుట్టువులు ఏడాది తిరక్కుండానే బంగారు రంగుకి ఎదిగారని విన్నాను. నేను మాత్రం తణుకులో ఒక బీరువాలో, పట్టుచీర మడతల్లో, కలరా ఉండల పక్కన పడ్డాను.

ఎలా పడ్డానంటే, రాజమండ్రిలో ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్ జరిగింది. చుట్టాలని దింపడానికి భ్రమరాంబగారు శంఖతీరంలో రెండు రోజులకి రెండు గదులు తీసుకున్నారు. గదికి రోజుకి వెయ్యి చొప్పున నా పేర నాలుగువేల పాయింట్లు పడ్డాయి. పదివేలైతే విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉండే గదిలో రెండు రోజులు ఉచితంగా ఉండొచ్చని కౌంటర్‌లో అమ్మాయి ఒక బొమ్మ చూపించింది. బొమ్మలో మంచం, కిటికీ, కిటికీ నిండా సముద్రం. మనిషన్నవాడు లేడు. భ్రమరాంబగారికి ఆ బొమ్మలో అన్నిటికంటే నచ్చింది అదే.

ఎందుకో చెప్పాలి. పుట్టింట్లో ఆవిడ నలుగురు అక్కచెల్లెళ్ళ మధ్య పడుకున్నారు. అత్తింట్లో మొదట మొగుడు, తరవాత పిల్లలు, ఆ తరవాత మంచానపడ్డ అత్తగారు, ఇప్పుడు నిద్రలో కాళ్ళు విసిరే మనవడు. యాభై నాలుగేళ్ళలో ఒక్కరోజంటే ఒక్కరోజు కూడా ఒక గదిలో, లోపల గడియ వేసుకుని, ఒంటరిగా పడుకున్న పాపాన పోలేదు. అలాగని ఇంట్లోవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. మంచివాళ్ళే. తలుపు ఎక్కువగా కొట్టేది మంచివాళ్ళే. “అమ్మా!” అని పిలుస్తారు. పరుగెత్తుకెళితే “ఏం లేదు, ఊరికే పిలిచా” అంటారు. అలా ఎవరూ ఊరికే పిలవని గదిలో రెండు రోజులు ఉండాలన్నది ఆవిడ కోరిక. అది ఎవరికీ చెప్పలేదు, నాకు తప్ప. బీరువా తెరిచినప్పుడల్లా నన్ను తీసి తుడిచి, “ఇంకా ఆరువేలే” అనేవారు.

చిక్కేమిటంటే పాయింట్లకి ఆయుష్షు రెండేళ్ళే. ఏప్రిల్ నెలాఖరుతో నా నాలుగువేలూ గాల్లో కలిసిపోతాయి. మార్చి సగమైంది. ఓణీలు కట్టాల్సిన పిల్లలు కనుచూపుమేరలో లేరు.

అప్పుడు విజయవాడ నుంచి పిలుపొచ్చింది. భ్రమరాంబగారు కోలాటం గురువులెండి. బృందంలో మిగతా పదిహేనుమంది ఆడవాళ్ళకి ఆవిడ దరువు వెయ్యందే కాలు కదలదు. వసంతోత్సవాల్లో ఆడమన్నారు, రెండు రోజుల బసకి ఇంతని ఇస్తాం, గదులు మీరే చూసుకోండన్నారు. ఆ ఊళ్ళో శంఖతీరం ఉంది. ఆవిడతో కలిపి పదహారుమందికి ఎనిమిది గదులు, రెండు రోజులు, పదహారువేల పాయింట్లు! ఆ పూట ఆవిడ పులుసులో ఉప్పు రెండుసార్లు వేశారు. అందరూ నోరు మూసుకుని తిన్నారు.

విజయవాడ వెళ్ళిన రోజు సాయంత్రం నాలుగింటికి శంఖతీరంలో దిగాం. కౌంటర్‌లో హిమజ అనే అమ్మాయి నన్ను చేతిలోకి తీసుకుని, నవ్వుతూనే పిడుగు వేసింది.

“ఎన్ని గదులు తీసుకున్నా మూడింటికే పాయింట్లండి. అందులో ఒకదాంట్లో మీరుండాలండి. మిగతా రెండిట్లో కూడా మీవాళ్ళు నిజంగా దిగాలి. తాళం కార్డు పెట్టి తలుపు తెరిస్తేనే దిగినట్టు మా కంప్యూటర్‌కి తెలుస్తుందండి.”

భ్రమరాంబగారు వేళ్ళ మీద లెక్కేశారు. మూడు గదులు, రెండు రోజులు, ఆరువేలు. పాత నాలుగువేలతో కలిపి సరిగ్గా పదివేలు.

“చాలమ్మా చాలు,” అన్నారు. ఆవిడ చేతిలో నేను చెమటకి తడిసిపోయాను.

ఎనిమిది తాళం కార్డులు ఎనిమిది కాగితం కవర్లలో ఇచ్చింది హిమజ. తాళం చెవుల చోట ఇప్పుడు మా జాతివాళ్ళే వచ్చారు, నంబర్లు కవర్ల మీదే తప్ప ఒంటి మీద ఉండవు. మూడొందల ఒకటో గది తలుపు తెరుచుకోగానే పదిహేనుమందీ అందులోకే వెళ్ళారు. ఎవరూ బయటికి రాలేదు. సత్రాల హాల్లో చాపలేసుకుని వరసగా పడుకోవడం అలవాటైన బృందం అది. అందరిలోకీ పెద్దది వరహాలమ్మ, అరవై ఆరేళ్ళు. తీర్పు ఆవిడే చెప్పింది.

“ఏడు గదుల్లో ఎవరేం చేస్తారే? ఇద్దరిద్దరు ఎదురెదురుగా మొహాలు చూసుకుంటా కూర్చుంటారా? అందరం ఇక్కడే సద్దుకుందాం. ఆ కార్డులిలా తెండి, పోతే మళ్ళీ జరిమానా అంటాడు.”

మిగిలిన ఏడు కార్డులూ వరస తప్పకుండా పోగుచేసి, కవర్లు చెత్తేనని బుట్టలో పడేసి, రొండిన సంచిలో దోపుకుంది. ఆ కాసేపూ మా భ్రమరాంబగారు కింద నిర్వాహకులతో ఫోన్లో ఉన్నారు, ఆవిడ చేతిలో ఉన్న నేను ఇదంతా తరవాత విన్నదే. పైకి వచ్చి చూస్తే గది నిండా కబుర్లు, జంతికలు, నవ్వులు. గుంపు సంతోషంలో పడి ఆవిడకి తలుపుల సంగతే గుర్తు రాలేదు. గోడకున్న అరలో కార్డు పెడితేనే దీపాలూ ఫ్యానూ నడుస్తాయని ఎవరో చెబితే, చేతికందిన కార్డు పెట్టారు. అది నేను. అలా నాకు గది మొత్తం కనబడే చోటు దొరికింది.

మర్నాడు పదకొండున్నరకి పూలు కట్టుకుంటూ కూర్చున్నప్పుడు ఫోన్ మోగింది. భ్రమరాంబగారికి ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే అలవాటు లేదు. స్పీకర్ పెట్టి కొండ మీదివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడతారు. కాబట్టి హిమజ చెప్పింది అందరూ విన్నారు.

“అమ్మా, మీ ఏడు గదుల తలుపులు నిన్నట్నుంచీ ఒక్కసారీ తెరుచుకోలేదండి. పన్నెండు దాటితే కంప్యూటర్ ‘రాలేదు’ అని రాసేస్తుందండి. అప్పుడు మీ విశాఖపట్నం గదికి పాయింట్లు సరిపోవండి. ఈలోపు తెరిస్తే రెండు రోజులూ లెక్కలోకి వస్తాయి.”

పూలదండలు ఆగిపోయాయి.

“పాయింట్లేంటే అమ్మాయ్?” అంది వరహాలమ్మ.

భ్రమరాంబగారు చెప్పారు. మొదట నసిగారు, తరవాత మొత్తం చెప్పారు.

“అంటే పదహారుమందిమి పడుకుంటే, ఆ పుణ్యం నీ ఒక్కదాని ఖాతాలో పడుద్దా?”

“పడుతుంది పిన్నిగారూ. ముందే చెప్పాల్సింది. సిగ్గేసి చెప్పలేదు.”

నాగరత్నం అని గలగలా మాట్లాడే మనిషి ఒకావిడ ఉంది. ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని, “సముద్రం దగ్గరికి మమ్మల్ని తీసుకెళ్ళవా వదినా?” అంది.

“తీసుకెళ్ళను.”

అనేసి ఆవిడే బెదిరిపోయారు. ఇరవై ఏళ్ళ స్నేహాలు ఆ గదిలో ఉన్నాయి. నేను గోడలో ఉన్నానుగానీ లేకపోతే జారి కింద పడేదాన్ని.

“మీరంటే ఇష్టం లేక కాదు,” అన్నారు ఆవిడ. “రెండ్రోజులు నన్నెవరూ పిలవకూడదు. మీరు కూడా. అది తప్పైతే తప్పే.”

గడియారం పదకొండూ నలభై. అప్పుడు వరహాలమ్మ గొంతు సవరించుకుంది.

“నేనూ ఒకసారి ఒంటరిగా ఉన్నానే. ఏలూరులో లిఫ్టులో ఇరుక్కుపోయా. ఇరవై నిమిషాలు. చీకటి, ఉక్క. అయినా ఎంత హాయిగా ఉందనుకున్నావ్! తలుపు తీస్తే, వీళ్ళకంత తొందరేమొచ్చిందా అనిపించింది.”

పదహారుమందీ పడిపడి నవ్వారు. నవ్వుతూనే కొందరు కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళలో ఒక్కరికి కూడా ఆ లిఫ్టులో ఉన్నంతసేపైనా సొంత గది దొరికినట్టు లేదు.

“లేవండే! తలుపులు తెరవండి!” అంటూ వరహాలమ్మ సంచిలో చెయ్యిపెట్టి కార్డులు తీసింది. తీశాక అర్థమైంది. ఏ కార్డు ఏ గదిదో తెలీదు. నంబర్లున్న కవర్లు చెత్తబండి ఎక్కి పొద్దున్నే వెళ్ళిపోయాయి. పైగా చేతికి వచ్చినవి ఆరే, ఏడోది సంచి అడుగున అతుక్కుపోయింది. ఆ తొందరలో నాగరత్నం గోడలోంచి నన్ను లాగేసి, “ఇదిగో ఏడోది!” అంది. గదిలో దీపాలారిపోయాయి. ఆవిడ పట్టించుకోలేదు.

వసారాలో ఏడు తలుపులు. ఒకరి మీదొకరు పడుతూ, ఒకే తలుపులో మూడు కార్డులు గుచ్చుతూ, గోలగోల. పది నిమిషాలే ఉంది. భ్రమరాంబగారు బొట్టుపెట్టెలా గుండెకి హత్తుకుని పట్టుకున్న కోలలు రెండూ పైకెత్తి ఠాప్‌మని కొట్టారు. ఆ చప్పుడు వింటే ఆ ఆడవాళ్ళు నిద్రలో ఉన్నా వరసలో నిలబడతారు.

“తలుపుకి ఒకరు! నాలుగు దెబ్బలకి కార్డు పెట్టండి. అయిదో దెబ్బకి కుడివైపు తలుపుకి జరగండి. చివరున్నవాళ్ళు మొదటికి పరుగెత్తండి. మొదలు!”

అదే కోలాటం. కోలకి బదులు కార్డు, జోడీకి బదులు తలుపు. ఠప్ ఠప్ ఠప్ ఠప్, కార్డు పెట్టడం, ఎర్ర దీపం. జరుగు! మళ్ళీ ఏడు ఎర్ర దీపాలు. జరుగు! మిగతా ఎనిమిదిమంది చప్పట్లు. వరహాలమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపి చివరి నుంచి మొదటికి పరుగెత్తింది. నన్ను ప్రతి తలుపూ ఎర్రగా చూసి పొమ్మంది. మూడొందల తొమ్మిదిలోని పెద్దమనిషి సగం గడ్డం గీసుకుని, సగం నురగతో బయటికొచ్చి, అడగబోయిన ప్రశ్న మింగేసి చప్పట్లు మొదలుపెట్టాడు. నాలుగో దరువు, ఎరుపు. అయిదో దరువు, ఎరుపు. భ్రమరాంబగారి పెదవులు తడారిపోయాయి, కోలలు మాత్రం లయ తప్పలేదు.

ఆరో దరువుకి ఆరు తలుపుల్లో ఆరు పచ్చ దీపాలు ఒక్కసారి వెలిగాయి.

వరహాలమ్మ కార్డుల్ని వరసగానే దాచింది, ఆడేటప్పుడు నిలబడే వరసలోనే పంచింది, మొదలెట్టిన తలుపే తప్పు. అందరివీ ఒకే లెక్కన తప్పాయి, అందుకే అందరివీ ఒక్కసారే సరిపోయాయి. ఆరుగురూ పచ్చ దీపం చూసి ఎగిరి గంతేశారు. నాగరత్నం ముందున్న తలుపు తెరుచుకోలేదని ఎవరూ గమనించనే లేదు, మూడొందల ఒకటి కాక కావలసింది రెండు తలుపులే కదా. కింద నుంచి హిమజ ఫోన్లో, “వచ్చేశాయండీ! పదకొండూ యాభై ఎనిమిదండీ!” అని తన పెళ్ళి కుదిరినట్టు అరిచింది. భ్రమరాంబగారు అక్కడే నేల మీద చతికిలబడి నవ్వారు, ఏడ్చారు, మళ్ళీ నవ్వారు. ఆ సాయంత్రం వాళ్ళు ఆడిన కోలాటానికి జనం మూడుసార్లు ‘మళ్ళీ, మళ్ళీ’ అన్నారట. నేను చూడలేదు, హ్యాండ్‌బ్యాగులో ఉన్నాను. చప్పుడు విన్నాను.

ఇప్పుడు నా వయసు మీరింది. శంఖతీరం వాళ్ళు అన్నీ ఫోన్లోకి మార్చేశారు, ప్లాస్టిక్ కార్డులు అక్కర్లేదన్నారు. బంగారు రంగుకెదిగిన నా తోబుట్టువులు చెత్తబుట్టల్లోకి పోయి ఉంటారు. నేను కోలల సంచిలో ఉంటున్నాను. బృందం ఎక్కడికెళ్ళినా ఇప్పుడు సరిగ్గా మూడు గదులు తీసుకుంటారు, మూడూ తెరుస్తారు, ఒకదాంట్లోనే పడుకుంటారు. పాయింట్లు నిండినప్పుడల్లా ఒక్కొక్కరు వెళ్ళి రావాలని వంతులు వేసుకున్నారు. రెండో వంతు వరహాలమ్మది. సముద్రం వద్దట, లిఫ్టున్న హోటల్ చాలట.

నేను ఎక్కువగా తలుచుకునేది మాత్రం ఆ మొదటి వంతు. ఏప్రిల్ ఇరవై రెండు, మిట్టమధ్యాహ్నం. భ్రమరాంబగారు విశాఖపట్నం గదిలోకి వెళ్ళి నన్ను గోడ అరలో పెట్టారు. గడియ వేశారు. పడిందో లేదోనని మూడుసార్లు లాగి చూశారు. కిటికీ తెర తీశారు. బొమ్మలో కంటే సముద్రం పెద్దదిగా ఉంది. ఒంటరిగా ఉంటే బెంగపడతారేమో, సాయంత్రానికి ఎవరికైనా ఫోన్ చేస్తారేమోనని నేను చూస్తున్నాను. కథల్లో అలాగే జరుగుతుంది కదా. అదేం జరగలేదు. మంచం మధ్యలో, సరిగ్గా నట్టనడుమ, కాళ్ళూ చేతులూ చాపుకుని పడుకుని, ఎవరూ లేని గదిలో బిగ్గరగా పాట పాడుకున్నారు. ఆ పాటలో సగం మాటలు తప్పు. సరిదిద్దేవాళ్ళు లేరు.

మర్నాడు తొమ్మిదింటికి గదిలో ఫోన్ మోగింది. “టిఫిన్ పైకి పంపించమంటారా మేడమ్? ఎంతమందికి?” అని అడిగారు.

భ్రమరాంబగారు లేచి కూర్చుని, జుట్టు వెనక్కి తోసుకుని, సముద్రం వైపు చూస్తూ, పండగ కబురు చెప్పినట్టు చెప్పారు.

“ఒక్కరికేనండీ.”