బల్సా మీద పడ్డ నింద

డ్రిల్లు బయటికి లాగగానే తెల్లటి పొట్టుకు బదులు నల్లటి తడిముద్ద, కుళ్ళు వాసన కొడుతూ, నా చేతిలో పడింది.

అది జాలరి ఎవుదోరో పడవ. రెండేళ్ళ కిందట మా జాలర్ల ఊరు హరమిహోలో, ఈ షెడ్డులోనే నేను కట్టాను. లోపలా బయటా ఫైబర్ పొరలు, నడుమ దూదిలా తేలికైన బల్సా చెక్క.

"చూశావా నార్సిసా!" ఎవుదోరో గొంతు షెడ్డంతా మోగింది. "ఎంతైనా చెక్క చెక్కే. దాని బదులు ఫోమ్ పెట్టమని మొత్తుకున్నానా లేదా?"

"నువ్వొకడివేనా? నేనూ మొత్తుకున్నాను బావా," అన్నాడు అతని బావమరిది హసింతో, అరటికాయ బూరె నములుతూ. ఇద్దరూ కలిసే వేటకు వెళతారు.

ఆ మధ్యాహ్నమే జాలర్ల సంఘం ఆరు కొత్త పడవలకు బల్సానా, ఫోమా తేల్చబోతోంది. ఎవుదోరో మాటకు అక్కడ తిరుగులేదు. అతను ఫోమ్ అంటే ఆ పని ఫోమ్‌తో కట్టే మాంతా పట్నంలోని పెద్ద షెడ్డుకు పోతుంది. నా షెడ్డుకు తాళం పడుతుంది.

భయం వేసింది. కానీ ఆ ముద్దను వేళ్ళతో నలుపుతుంటే ఇంకో సందేహం తొలిచింది. నీళ్ళు నిలవని ముందుకొసన, పడవ ముక్కు దగ్గర, కుళ్ళెందుకు?

నాణెంతో పడవ గోడంతా తట్టుకుంటూ పోయాను. టక్, టక్, టక్. ముక్కు లోపలి వైపు మాత్రం డుబ్. ఆ మేరకు సుద్దతో గీత గీస్తే భోజనం పళ్ళెమంత వచ్చింది. నీళ్ళు ఎక్కువగా నిలిచే అడుగున రెండుచోట్ల డ్రిల్లు దింపాను. పొడిగా, తెల్లగా పొట్టు రాలింది.

ఎవుదోరో వంగి చూశాడు. "ఇంకోటి వెయ్యి."

వేశాను. అదీ పొడే.

"చెక్కదే తప్పయితే అంతటా కుళ్ళాలి కదన్నా," అన్నాను. "పోగులు ఈ పొర నుంచి ఆ పొరకు ఉండేలా చెక్కను నిలబెట్టాను, గొట్టాల కట్టలాగ. నీళ్ళు ఒక గొట్టంలో సులువుగా పోతాయి, పక్క గొట్టంలోకి దూరడమే కష్టం. అందుకే ఇంతలోనే ఆగింది. అవి దిగిన దారి ఈ గీత మధ్యలోనే ఉండాలి."

బ్లేడుతో రంగు గీకాను. చతురస్రం మూలల్లా నాలుగు చుక్కలు బయటపడ్డాయి. పసుపుపచ్చగా, మెత్తగా ఉన్నాయి. గోటితో పెకిలించి వాసన చూశాను. కొవ్వొత్తి మైనం!

ఎవుదోరో ముఖం ఎర్రబడింది. "నార్సిసాకు చెప్పకుండా చిల్లు పెట్టొద్దని అందరికీ చెప్పానే! ఎవడు వాడు?"

హసింతో నమలడం ఆపేశాడు. బూరె బల్లమీద పెట్టి, చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాడు.

"నేనే బావా. పోయినేడు మన జాలర్లను కాచే సాన్ పెద్రో స్వామి పండగకు విగ్రహం మన పడవలోనే ఊరేగాలని పంతం పట్టాను గదా. తాళ్ళతో కడితే విగ్రహం పీట ఊగింది. స్వామి సముద్రంలో పడితే ఊళ్ళో తలెత్తుకోగలమా? నువ్వు ఐసు తేవడానికెళ్ళావు, నేను పీట కదలకుండా నాలుగు స్క్రూలు దించేశాను. పండగయ్యాక పీకేసి, మిగిలిన కొవ్వొత్తులు కరిగించి పూడ్చాను. పైన రంగేశాను. గుడి మైనం గదా, నీళ్ళు రావనుకున్నాను. ఇందాక ఫోమ్, ఫోమ్ అని అరిచింది కూడా అందుకే... తప్పు చెక్క మీదికి పోతే ఎవరూ అక్కడ గీకరని. చెక్క తప్పేం లేదు. పద, సంఘంలో కూడా నేనే చెబుతాను. తిట్టేదేదో దార్లో తిట్టు."